హోటల్ కిచెన్ టైల్స్, గ్రౌట్ జిడ్డు వదలాలంటే ఏ కెమికల్ ఎంచుకోవాలి?

కిచెన్ నేల జిడ్డు వదలట్లేదంటే ముందు తోచే ఆలోచన ఒకటే: కెమికల్ స్ట్రాంగ్‌గా లేదు, ఇంకా ఘాటైనది తేవాలి. తెస్తారు. ఒకటి రెండు రోజులు నేల మెరుస్తుంది. ఆ తర్వాత అడుగు తీసి అడుగు వేస్తుంటే చెప్పు మళ్లీ అంటుకుంటుంది. టైల్స్ మధ్య సందులైతే, అంటే గ్రౌట్ అనే పూత నింపిన చోట్లయితే, ఆ రెండు రోజులు కూడా నల్లగానే ఉంటాయి.

చాలా కిచెన్లలో లోపం కెమికల్ బలంలో ఉండదు. మరక ఒక రకం, వాడే సీసా ఇంకో రకం అయి ఉంటుంది. లేదా సీసా సరైనదే, కానీ కరిగిన జిడ్డుని నేల మీంచి ఎత్తెయ్యకుండా మాప్‌తో అక్కడే పులిమేస్తుంటారు. కాబట్టి షాపుకి వెళ్లే ముందు నేల దగ్గర కూర్చుని చేయాల్సిన పని కొంత ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ముందు మరకేమిటో తేల్చండి

వంట పని ముగిసి నేల చల్లారాక చేతికి గ్లౌజు వేసుకుని, పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి తీసుకోండి. ఫ్రయ్యర్ పక్కనో స్టవ్ ముందో ఒక సందులో గట్టిగా గీకండి. కార్డు అంచుకి వచ్చినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి.

మెత్తగా, పసుపు రంగులో, జారుతూ ఉంటే అది ఈ మధ్య పడిన నూనె. గోధుమ రంగులో గట్టి పెచ్చులుగా లేస్తే అది పాత నూనె. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి దాదాపు వార్నిష్‌లా గట్టిపడతాయి. మామూలు సబ్బు నీళ్లకి ఇది కదలదు. తెల్లగా, సుద్దలా పొడి రాలితే అది జిడ్డే కాదు, ఉప్పునీళ్లు ఆరి మిగిల్చిన సున్నపు పొర. ఇది గిన్నెలు కడిగే చోట, నీళ్లు ఆరిపోయే చోట ఎక్కువ.

నాలుగోది ఒకటుంది, దీన్ని ఎవరూ అనుమానించరు. నేల మీద ఒక చదరపు అడుగు మేర ఉత్త నీళ్లు పోసి, ఏమీ కలపకుండా శుభ్రమైన బ్రష్‌తో రుద్దండి. నురగ వస్తే, మీ నేల మీద ఉన్నది పాత డిటర్జెంట్. రోజూ లెక్క లేకుండా పోసి, సరిగ్గా కడగకుండా వదిలేసిన కెమికల్ ఎండి పొరగా మారింది. దుమ్మూ నూనే దానికే అంటుకుంటున్నాయి. ఇలాంటి నేలకి కొత్త కెమికల్ కొనక్కర్లేదు. వేడి నీళ్లతో రెండు మూడుసార్లు రుద్ది కడిగితే సగం సమస్య తీరిపోతుంది.

డ్రెయిన్ పక్కన, సింక్ కింద, ఎప్పుడూ తడిగా ఉండే మూలల్లో నల్ల చుక్కలు కనిపిస్తే అది బూజు కావచ్చు. జిడ్డు కడిగేసిన తర్వాత దాని మీద పలచని బ్లీచ్ ఒక చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగండి. రంగు వెలిస్తే బూజు, వెలవకపోతే మసో, లోపలికి ఇంకిన జిడ్డో.

నిజమైన కిచెన్లో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అడుగున నూనె, దాని మీద ఉప్పు పొర, ఆపైన మళ్లీ నూనె. అప్పుడు పాటించాల్సిన క్రమం ఒకటే: ముందు జిడ్డు, తర్వాత ఉప్పు. జిడ్డు పొర ఉండగా, ఉప్పు పొరని తీసే యాసిడ్ లోపలికి దిగదు.

2. టైల్ ఏది, గ్రౌట్ ఏది

టైల్ గురించి అంత బెంగ అక్కర్లేదు. పోర్సిలిన్, మెరుపు పూత లేని ఎర్రటి క్వారీ టైల్, గ్లేజ్డ్ సెరామిక్ మూడూ మామూలు డీగ్రీజర్లని, అంటే జిడ్డు తీసే కెమికల్స్‌ని తట్టుకుంటాయి. అయితే గ్లేజ్ ఉన్న టైల్ మీద ఘాటైన కాస్టిక్‌ని (కాస్టిక్ సోడా లాంటి క్షారాన్ని) గంటల తరబడి వదిలేస్తే మెరుపు మందగిస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిసిన క్లీనర్ అయితే గ్లేజ్‌ని నేరుగా తినేస్తుంది, మనిషి ఒంటికి కూడా అది అత్యంత ప్రమాదం. లేబుల్ మీద హైడ్రోఫ్లోరిక్ అని గానీ, బైఫ్లోరైడ్ అని గానీ కనిపిస్తే ఆ డబ్బా కిచెన్లోకి తేవద్దు. పాలరాయి, సున్నపురాయి లాంటి సహజమైన రాయి వేసి ఉంటే ఏ యాసిడూ పనికిరాదు, నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది.

అసలు కష్టం గ్రౌట్‌తోనే. సిమెంట్ గ్రౌట్ నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. వేడి నూనె వాటిలోకి ఇంకిపోతుంది, పైపైన తుడిస్తే రాదు. రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్‌కి ఆ రంధ్రాలు లేవు, జిడ్డు పైనే ఉండిపోతుంది. కాబట్టి రెండింటికీ వాడే పద్ధతి వేరు.

మీది ఏ రకమో తెలియకపోతే రెండు పరీక్షలు చేయండి. శుభ్రంగా ఉన్న ఒక చోట, అంటే ఏ ఫ్రిజ్ వెనకో, పొడి గ్రౌట్ మీద నీటి చుక్క వేయండి. ఐదు నిమిషాల్లో చుక్క ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకి మారితే అది సీలర్ (రంధ్రాలు మూసే పూత) లేని సిమెంట్ గ్రౌట్. చుక్క అలాగే నిలబడితే అది ఎపాక్సీ అయినా కావచ్చు, సీలర్ పూసిన సిమెంట్ అయినా కావచ్చు. అప్పుడు మేకు మొనతో మూలలో చిన్నగా గీరండి. ఇసకలాంటి పొడి రాలితే సిమెంట్, పొడి రాలకుండా గీత మాత్రమే పడితే ఎపాక్సీ.

ఇంకో సంగతి. నేల మీద టైల్స్ ఒక్కటే ఉండవు. గుమ్మం దగ్గర అల్యూమినియం పట్టీ, జింక్ పూత పూసిన డ్రెయిన్ మూత, బండి చక్రాలు, స్టాండ్ల కాళ్లు ఉంటాయి. కాస్టిక్ సోడా తగిలితే అల్యూమినియం నల్లబడి కరుగుతుంది, ఆ క్రమంలో మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. టైల్ తట్టుకుంటుంది కదా అని కొన్న కెమికల్ పట్టీని పాడుచేస్తే ఆ లెక్క ఎక్కడ రాస్తారు? అందుకే నేల మీద ఏమేం ఉన్నాయో ఒకసారి చుట్టూ చూసుకోండి.

3. పీహెచ్ చూసి రకం ఎంచుకోండి

కెమికల్ ఎంపికలో ముప్పావు వంతు పని పీహెచ్ అంకె చూడడంతో అయిపోతుంది. 7 అంటే తటస్థం. దానికి కింద ఉన్నవి ఆమ్లాలు, పైన ఉన్నవి క్షారాలు. ఒక్కో అంకెకి బలం పదింతలు మారుతుంది. అంటే పీహెచ్ 12 ఉన్నది 10 ఉన్నదానికంటే కాస్త ఘాటు కాదు, క్షార బలంలో వందరెట్లు.

నూనె, కొవ్వు కదిలించేవి క్షారాలు. క్షారం నూనెతో కలిసి దాన్ని సబ్బుగా, గ్లిజరిన్‌గా మారుస్తుంది, ఆ సబ్బు నీళ్లలో కరిగి పోతుంది. డీగ్రీజర్‌లో ఉండే సర్ఫాక్టెంట్లు మిగతా నూనెని చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో తేలేలా చేస్తాయి. ఈ రెండూ కలిసినదే మంచి డీగ్రీజర్.

రోజూ రాత్రి కడగడానికి పీహెచ్ 9 నుంచి 11 మధ్య ఉన్న డీగ్రీజర్ చాలు. ఈ రకంలో ఎక్కువగా వాషింగ్ సోడా, సిలికేట్లు, సర్ఫాక్టెంట్లు ఉంటాయి. అదే రోజు పడిన నూనె దీనికి లొంగుతుంది, గ్రౌట్‌కి హాని తక్కువ, చేతులకి ప్రమాదం తక్కువ. అల్యూమినియం పట్టీలున్న చోట సోడియం మెటాసిలికేట్ కలిసినది వెతకండి, సిలికేట్లు ఆ లోహం మీద తినివేతని తగ్గిస్తాయి. అయినా ముందు ఒక మూల పరీక్షించాలి.

పెచ్చు కట్టిన పాత నూనెకి పీహెచ్ 12 నుంచి 13.5 దాకా ఉండే హెవీ డ్యూటీ డీగ్రీజర్ కావాలి. ఇందులో కాస్టిక్ సోడానో కాస్టిక్ పొటాషో ఉంటుంది. ఇది రోజూ వాడేది కాదు, నెలకోసారో పండగ సెలవులప్పుడో చేసే పెద్ద క్లీనింగ్‌కి ఉంచుకోవాలి. దీన్ని రోజూ వాడే కిచెన్లలో గ్రౌట్ మీది సీలర్ తొందరగా పోతుంది, నేల సరిగ్గా కడగకపోతే కాలికి సబ్బులా జారుతుంది, పనివాళ్ల చేతులు పగులుతాయి. నా సలహా అడిగితే, రోజువారీ పని సరిగ్గా జరిగితే ఈ డబ్బాతో పని పడడమే తక్కువ.

యాసిడ్ విషయానికొద్దాం. యాసిడ్ జిడ్డుని తీయదు. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని నమ్మని వాళ్లున్నారు, ఎందుకంటే యాసిడ్ పోసినప్పుడు గ్రౌట్ బుసబుసా పొంగి తెల్లగా కనిపిస్తుంది. ఆ పొంగు మురికి పోతున్నందుకు కాదు, సిమెంట్‌లోని సున్నం కరుగుతున్నందుకు. పై పొర పోయి లోపలి కొత్త సిమెంట్ బయటపడింది కాబట్టి తెల్లగా ఉంది. ఇంకొన్నిసార్లు ఇలా చేస్తే సందు లోతు పెరుగుతుంది, రంధ్రాలు పెద్దవవుతాయి, తర్వాతి నెల నూనె ఇంకా లోతుకి దిగుతుంది. ఉప్పు పొర తీయడానికి యాసిడ్ తప్పనిసరి అయితే మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ వదిలేసి సిట్రిక్ లేదా సల్ఫామిక్ యాసిడ్ ఉన్నది పలచగా కలపండి. గ్రౌట్‌ని ముందే ఉత్త నీళ్లతో తడపండి, రంధ్రాలు నీళ్లతో నిండి ఉంటే యాసిడ్ లోపలికి తక్కువ దిగుతుంది. కొన్ని నిమిషాల్లోనే కడిగేయండి.

డీగ్రీజర్ వాడిన నేల మీద యాసిడ్ వెయ్యాలంటే మధ్యలో బాగా కడగడం తప్పదు. లేకపోతే క్షారం తయారుచేసిన సబ్బుని యాసిడ్ మళ్లీ కొవ్వు ఆమ్లంగా మార్చేస్తుంది. కడిగిన నేల తిరిగి జిగటగా తయారవుతుంది, తప్పెక్కడో ఎవరికీ అర్థం కాదు.

సోడియం పెర్‌కార్బొనేట్, అంటే ఆక్సిజన్ బ్లీచ్ పొడి, గ్రౌట్ రంగు తేలడానికి నాకు బాగా నచ్చిన మందు. నీళ్లలో వేయగానే హైడ్రోజన్ పెరాక్సైడ్, వాషింగ్ సోడా రెండూ విడుదలవుతాయి. ఒకటి మరక రంగు విరుస్తుంది, ఇంకొకటి జిడ్డుని కదిలిస్తుంది. జిడ్డు చాలావరకు పోయాక రెండో దశగా దీన్ని వాడండి. వేడి నీళ్లలో అప్పటికప్పుడు కలుపుకోవాలి, కొన్ని గంటల్లో బలం పోతుంది. మిగిలినది స్ప్రే సీసాలో పోసి మూత బిగించి దాచొద్దు, లోపల ఆక్సిజన్ పోగై సీసా పగలొచ్చు.

ఎంజైమ్ క్లీనర్లది వేరే దారి. వీటిలోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెని నెమ్మదిగా ముక్కలు చేస్తుంది. మందపాటి జిడ్డు మీద వీటి ప్రభావం కనిపించదు. కానీ సిమెంట్ గ్రౌట్ రంధ్రాల్లో మిగిలిన సన్నని పొర మీద, రాత్రంతా తడిగా ఉండేచోట బాగా పనిచేస్తాయి. మరిగే నీళ్లు, బ్లీచ్, ఘాటైన క్షారం తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకని రాత్రి నేల మామూలుగా కడిగి, నీళ్లన్నీ వైపర్‌తో లాగేశాక, ఆఖరున దీన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి పరిచి వదిలేయాలి. వీటిలో కొన్నింటిని కడగక్కర్లేదని లేబుల్ మీదే రాసి ఉంటుంది. అదే రాత్రి బ్లీచ్ కూడా పోస్తున్నారంటే ఎంజైమ్‌కి పెట్టిన డబ్బు డ్రెయిన్‌లోకే.

నారింజ తొక్క వాసన వచ్చే లిమొనీన్, బ్యూటైల్ గ్లైకాల్ లాంటి సాల్వెంట్లు కలిసిన డీగ్రీజర్లు మొండి నూనెని బాగా కరిగిస్తాయి. లిమొనీన్ మండుతుంది, దాని వాసన తిండికి పట్టుకుంటుంది, రబ్బరు పట్టీలని ఉబ్బిస్తుంది. స్టవ్‌లూ పైలట్ మంటలూ అన్నీ ఆర్పి, గాలి బాగా ఆడేచోట అయితేనే, అది కూడా మచ్చ మేరకే వాడండి.

ఇక బ్లీచ్. ఇది సూక్ష్మక్రిముల్ని చంపుతుంది, రంగు విరుస్తుంది, కానీ జిడ్డు తీసే పని దీనిది కాదు. జిడ్డున్న నేల మీద పోస్తే అందులోని క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. రంగు గ్రౌట్ అయితే మచ్చలు మచ్చలుగా వెలుస్తుంది కూడా.

వంటసోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా గురించి ఒక మాట. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు, పైకి పోయేది కార్బన్ డయాక్సైడ్. చూడ్డానికి బాగుంటుంది, అంతే.

4. కొనే ముందు లేబుల్, సేఫ్టీ డేటా షీట్ చూడండి

లేబుల్ ముందు వైపు "పవర్‌ఫుల్", "ఇన్‌స్టంట్" అని ఏం రాసినా పట్టించుకోవద్దు. షాపువాళ్లనో కంపెనీనో సేఫ్టీ డేటా షీట్ అడగండి. అందులో 16 విభాగాలు ఉంటాయి. మీకు కావాల్సినవి కొన్నే. 3వ విభాగంలో ఏమేం కలిపారో, 4లో ప్రథమ చికిత్స, 8లో ఏ గ్లౌజులు, కళ్లద్దాలు కావాలో, 9లో పీహెచ్, 10లో దేనితో కలపకూడదో ఉంటుంది. షీట్ అడిగితే నీళ్లు నమిలే చోట ఆ డబ్బా కొనకండి.

పీహెచ్ కంపెనీ చెప్పింది అసలు మందుదా, నీళ్లలో కలిపిన తర్వాతదా అన్నది కూడా అడగాలి. తేడా చాలా ఉంటుంది. అనుమానం ఉంటే పీహెచ్ కాగితం ముక్కతో మీరే చూసుకోవచ్చు.

మీ ఊరి నీళ్లు ఉప్పు నీళ్లయితే ఈడీటీఏ లాంటి, నీటిలోని కాల్షియాన్ని కట్టేసే పదార్థం కలిసిన డీగ్రీజర్ తీసుకోండి. లేకపోతే కరిగిన కొవ్వు ఆ కాల్షియంతో కలిసి బూడిదరంగు జిగట పొరగా మళ్లీ నేలకే పడుతుంది.

5. కొలిచి కలపండి, ఒక మూలలో పరీక్షించండి

1:20 అంటే ఒక వంతు మందుకి 20 వంతుల నీళ్లు. 10 లీటర్ల నీళ్లకి అర లీటరు. 1:40 అయితే పావు లీటరు. కొలత కప్పు ఒకటి డబ్బాకే తాడుతో కట్టేయండి, అంచనాగా పోసే అలవాటు అక్కడే తగ్గుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు. మిగిలిపోయిన మందు నేల మీద ఎండి, మొదట్లో చెప్పిన నురగ పొరగా మారుతుంది.

బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత మందు. ముఖ్యంగా కాస్టిక్ విషయంలో ఇది తప్పకూడదు. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడి పుట్టి మొహం మీదికి చిమ్ముతుంది.

ఎవరి కంటా పడని మూలలో రెండు టైల్స్, వాటి మధ్య సందు కలిసేలా చిన్న చోటు ఎంచుకోండి. కలిపిన మందు పోసి పది నిమిషాలు ఆగి, రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు అన్ని గ్రౌట్లూ ముదురుగానే కనిపిస్తాయి, కాబట్టి ఆరాకే తీర్పు చెప్పాలి. రంగు మారిందా, టైల్ మెరుపు తగ్గిందా, వేలితో రుద్దితే గ్రౌట్ పొడి రాలుతోందా చూడండి. రెండు మూడు రకాల కెమికల్స్ శాంపిల్ దొరికితే పక్కపక్క సందుల్లో వేసి చూడడమే సరైన ఎంపిక, సేల్స్‌మన్ మాటలు కాదు. ఒకదాన్ని పూర్తిగా కడిగేశాకే పక్కది మొదలుపెట్టాలి.

6. మందు వేసి, ఆగి, రుద్ది, ఎత్తెయ్యండి

1959లో జర్మన్ రసాయన నిపుణుడు హెర్బర్ట్ సిన్నర్ శుభ్రం చేసే పనిని నాలుగు భాగాలుగా విడగొట్టి చూపించాడు: రసాయనం, వేడి, సమయం, రాపిడి. ఒకటి తగ్గిస్తే మిగిలినవాటిని పెంచి సరిపెట్టుకోవచ్చు. కిచెన్లో అందరూ పెంచేది మొదటిదే, డబ్బు ఖర్చయ్యేది, ప్రమాదం ఎక్కువైనది. సమయం ఉచితం కదా, దాన్ని మాత్రం ఎవరూ ఇవ్వరు.

ముందు తిండి పదార్థాలన్నీ తీసేయండి, తీయలేనివి మూయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. స్విచ్ బోర్డుల దగ్గర నీళ్లు చిమ్మకుండా చూసుకోండి. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, జారని బూట్లు వేసుకోండి. కాస్టిక్ కంట్లో పడితే కంటిని తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ ఉండాలి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కుళాయి ఎక్కడుందో పని మొదలుపెట్టే ముందే అందరికీ తెలిసి ఉండాలి.

పొడి చెత్త ఊడ్చి, గట్టి జిడ్డుని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి కాగితంలో ఎత్తండి. ఇలా ఎత్తిన ప్రతి ముద్దా మీరు కొనక్కర్లేని కెమికల్.

మామూలు డీగ్రీజర్‌కి 50 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్లు మంచివి, నూనె మెత్తబడుతుంది. కాస్టిక్ రకానికి ఎంత వేడి వాడొచ్చో లేబుల్ చూసి చేయండి. నేలంతా ఒకేసారి పోయకండి. ఒక్క మనిషి కడగగలిగినంత ముక్క, అంటే పది పన్నెండు అడుగుల మేర తీసుకోండి. సందులు మునిగేంత పోసి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. మధ్యలో ఎండుతున్నట్టు కనిపిస్తే మళ్లీ కొంచెం చల్లండి. ఎండిన డీగ్రీజర్ తాను కరిగించిన జిడ్డుని మళ్లీ అక్కడే అతికిస్తుంది.

రుద్దడానికి గట్టి నైలాన్ బ్రష్, పొడుగు కర్ర ఉన్నది వాడండి. సందు వెంబడి ముందుకీ వెనక్కీ రుద్దాలి, అడ్డంగా రుద్దితే పోచలు టైల్ అంచు మీదుగా దాటిపోతాయి, సందు అడుగుకి దిగవు. ఇనప వైరు బ్రష్ వద్దు. అది గ్రౌట్‌ని అరగదీస్తుంది, తెగిన వైరు ముక్కలు సందుల్లో ఇరుక్కుని తుప్పు మరకలు వేస్తాయి.

ఇప్పుడొస్తుంది అసలు ఘట్టం. రుద్దిన తర్వాత సందుల్లో నిలిచిన గోధుమరంగు నీళ్లని చూడండి. ఇప్పటిదాకా మీరు నేల మీంచి ఊడదీసిన జిడ్డంతా అందులోనే ఉంది. దాన్ని మాప్‌తో తుడిస్తే ఆ జిడ్డు కిచెన్ అంతా సన్నగా పూసినట్టవుతుంది, రంధ్రాలున్న గ్రౌట్ దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. వైపర్‌తో డ్రెయిన్ వైపు లాగేయండి. వెట్ వాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది, సందుల్లోంచి పీల్చేస్తుంది. ఆ తర్వాత శుభ్రమైన వేడి నీళ్లు పోసి మళ్లీ లాగండి. మందు ఘాటుని బట్టి ఒకసారి సరిపోవచ్చు, రెండుసార్లు కావాల్సి రావచ్చు. మాప్ తప్ప దారి లేని చోట రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి మందుకి, ఒకటి మాప్ పిండడానికి, నీళ్లు మురికవగానే మార్చేయండి.

అయిందో లేదో తెలియాలంటే తడి నేలని ఏటవాలుగా చూడండి. నీళ్లు ఒకే పలచని పొరగా పరుచుకుంటే జిడ్డు పోయింది. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా ఉంది. సీలర్ కొత్తగా పూసిన చోట ఈ పరీక్ష చెల్లదు, అక్కడ నీళ్లు ఎటూ బొట్లుగానే ఉంటాయి. కడిగిన నీళ్లలో పీహెచ్ కాగితం ముంచితే మీ కుళాయి నీళ్ల రంగే రావాలి.

గోడల టైల్స్‌కి పలచని ద్రవం కంటే నురగ వచ్చే డీగ్రీజర్ నయం, కిందికి కారిపోకుండా పట్టుకుంటుంది, గాలిలో తుంపరలు కూడా తక్కువ. మందు కింది నుంచి పైకి వేయండి, పై నుంచి కిందికి కడగండి. పై నుంచి వేస్తే పొడి గోడ మీద కారిన చారలు మరకల్లా మిగిలిపోతాయి.

శానిటైజర్ ఎప్పుడూ కడిగిన తర్వాతే. క్వాట్ రకం (క్వాటర్నరీ అమోనియం) శానిటైజర్ వాడుతుంటే మామూలు డిటర్జెంట్ ఏమాత్రం మిగలకుండా కడగాలి. రెండింటి విద్యుదావేశాలు ఒకదానికొకటి వ్యతిరేకం, కలిస్తే రెండూ పనికిరాకుండా పోతాయి.

7. వీటిని కలపొద్దు

బ్లీచ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్, అమోనియా కలిస్తే క్లోరమిన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి, మూసిన కిచెన్లో ప్రాణం మీదికి తెస్తాయి. కావాలని ఎవరూ కలపరు. రాత్రి షిఫ్ట్‌లో ఒకరు యాసిడ్ వేసి సరిగ్గా కడగకుండా వెళ్లడం, పొద్దున ఇంకొకరు వచ్చి అదే చోట బ్లీచ్ పోయడం, లేదా ఇద్దరూ ఒకే డ్రెయిన్‌లో బకెట్లు ఒంపడం, ప్రమాదం ఇలా జరుగుతుంది. అందుకే యాసిడ్, బ్లీచ్ వేర్వేరు అరల్లో పెట్టండి, ఒకే రోజు రెండూ వాడొద్దు. వాటర్ బాటిల్‌లో, కూల్‌డ్రింక్ సీసాలో ఏ కెమికలూ పోసి ఉంచొద్దు, పేరు రాసినా సరే.

డ్రెయిన్ గురించి కూడా ఆలోచించండి. గ్రీజ్ ట్రాప్ (డ్రెయిన్ నీళ్లలోని నూనెని ఆపే తొట్టి) ఉన్న చోట ఘాటైన డీగ్రీజర్ వేడి నీళ్లతో కలిపి పెద్ద మొత్తంలో వదిలితే, ట్రాప్‌లో తేలి నిలవాల్సిన నూనె కరిగి దాన్ని దాటిపోతుంది. పైపులో ముందుకి వెళ్లి చల్లారాక అక్కడ గడ్డకడుతుంది. స్క్రేపర్‌తో ముందే ఎత్తెయ్యమన్నది ఇందుకు కూడా. ట్రాప్‌లో జిడ్డుని తినే బ్యాక్టీరియా ఉన్న మందు వేస్తుంటే బ్లీచ్ అటు ఎంత వెళ్తోందో చూసుకోండి.

8. అన్నీ సరిగ్గా చేసినా సందు నల్లగానే ఉంటే

డీగ్రీజర్‌తో రెండు విడతలు, ఆ తర్వాత పెర్‌కార్బొనేట్‌తో ఒక విడత చేశాక కూడా రంగు తేలకపోతే ఇంకా ఘాటైన సీసా కోసం వెతక్కండి. నూనె గ్రౌట్ లోపలి దాకా వెళ్లిపోయింది. ఒక నెల పాటు రాత్రిపూట ఎంజైమ్ వేసి చూడొచ్చు, కొంత తేలుతుంది.

గ్రౌట్ గట్టిగానే ఉండి, జిడ్డు పూర్తిగా వదిలితే, కనీసం ఒక రోజు బాగా ఆరనిచ్చి లోపలికి ఇంకే రకం సీలర్ పూయించండి. జిడ్డుండగా పూస్తే ఆ జిడ్డుని లోపలే మూసిపెట్టినట్టే. సీలర్ పూసిన తర్వాత రోజువారీ కడుగుడుకి పీహెచ్ 9, 10 దాటనివ్వకండి, ఎక్కువ రోజులు నిలుస్తుంది. అప్పుడప్పుడూ నీటి చుక్క వేసి చూస్తుంటే మళ్లీ ఎప్పుడు పూయాలో తెలుస్తుంది.

మేకుతో గీరితే ఇసకలా రాలిపోతున్నా, టైల్ అంచు కంటే బాగా లోతుకి దిగిపోయి నీళ్లు నిలుస్తున్నా, అక్కడ కెమికల్‌తో అయ్యే పని లేదు. ముందు స్టవ్, ఫ్రయ్యర్ చుట్టూ ఉన్న భాగం వరకైనా పాత గ్రౌట్ కోసి తీయించి ఎపాక్సీ వేయించండి. కొత్త గ్రౌట్ పూర్తిగా గట్టిపడేదాకా, అంటే దాని ప్యాకెట్ మీద చెప్పిన రోజులు గడిచేదాకా, ఏ డీగ్రీజరూ దాని మీద పడనివ్వకండి.